మడచెట్టు లోపలి సూక్ష్మజీవులు మన వరిని ఉప్పు నుంచి కాపాడగలవా?

మీరు అడిగినవి రెండు. క్రీకు ఒడ్డున మడచెట్లు నిగనిగలాడుతుంటే, గట్టుకు ఇవతల మీ వరి ఆకుల కొనలు మాడిపోతున్నాయి. మడ లోపల కాపురముండే బ్యాక్టీరియా వల్లే ఆ చెట్టు బతుకుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఆ బ్యాక్టీరియానే పట్టుకొచ్చామంటూ మీ ఊళ్లో అమ్ముతున్న లీటరు సీసా కొనాలా వద్దా అన్నది రెండోది. మైక్రోబయాలజీ చదివానన్నారు కాబట్టి కొంచెం లోతుగానే రాస్తాను. చాలా ఏళ్లుగా తీరప్రాంతపు మొక్కల మీదే పని చేస్తున్నాను, ఇలాంటి ప్రశ్న వస్తే రెండు వాక్యాలతో సరిపెట్టడానికి మనసొప్పదు.

ముందు సూటిగా జవాబు. ఉప్పుతో అసలు పోరాటం చేసేది మొక్కే. లోపలి సూక్ష్మజీవులు దానికి తోడు నిలుస్తాయి. కొన్ని మొక్కల్లో ఆ తోడు లేకపోతే మొక్క నిలవదు కూడా. అంతమాత్రాన ఆ బ్యాక్టీరియాను తెచ్చి వరిలో పెడితే వరి మడ అయిపోదు. సీసా సంగతికి వస్తే, పొలం మొత్తానికీ కొనకండి. కొన్ని చాళ్లలో పరీక్ష పెట్టి చూడండి. ఎలా పెట్టాలో కింద రాశాను.

మడ ఏం చేస్తుందో మీ కళ్లతోనే చూడొచ్చు. ఈసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు ఒక తెల్లమడ ఆకు దగ్గరగా పెట్టుకుని చూడండి. పొద్దున్నే వెళితే ఆకు మీద చిన్న చిన్న నీటి బొట్లు ఉంటాయి. మంచు కురిసిందనుకుంటారు గానీ, నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ బొట్లు ఆరి, తెల్లటి పలుకులు మిగులుతాయి. ఆకులో ఉన్న ఉప్పు గ్రంథులు లోపలి ఉప్పును బయటకు తోసేస్తుంటాయి. అంతకుముందే వేరు దగ్గర చాలా భాగం ఉప్పు లోపలికి రాకుండా ఆగిపోతుంది. ఇక తప్పించుకుని వచ్చినదాన్ని కణాల్లోని సంచుల్లాంటి రిక్తికల్లో దాచేసి, మిగతా కణద్రవంలో గ్లైసిన్ బీటైన్ లాంటి పదార్థాలు నింపుకుని నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఈ ఏర్పాట్లన్నీ ఆ చెట్టు జన్యువుల్లోనే రాసి ఉన్నాయి. వీటిని ఏ బ్యాక్టీరియా వరికి తెచ్చిపెట్టలేదు.

మరి లోపలివాళ్ల పని ఏమిటి? మొక్కకు జబ్బు చేయకుండా దాని కణజాలం లోపల బతికే సూక్ష్మజీవులను ఎండోఫైట్లు అంటాం, మీరు చదివే ఉంటారు. వేళ్లలో ఎక్కువ, కాండంలో తక్కువ, ఆకుల్లో ఇంకా తక్కువ ఉంటాయి. చాలావరకు కణాల మధ్య ఖాళీల్లో ఉంటాయి. పక్కవేరు పుట్టుకొచ్చేటప్పుడు తల్లివేరు పొర చిట్లుతుంది చూశారూ, ఆ చీలికే వాటికి ప్రధాన ద్వారం. కాబట్టి ఏ ఎండోఫైట్‌నైనా మొక్కకు ఎక్కించాలంటే వేళ్లు లేతగా, చురుగ్గా పెరుగుతున్నప్పుడే ఎక్కించాలి. నారు దశ దాటాక పైరు మీద పిచికారీ చేసి లోపలికి వెళ్లాయనుకుంటే అది ఆశ మాత్రమే.

వాటి సాయంలో నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇథిలీన్ కథ. కాయల్ని మగ్గబెట్టే ఆ వాయువే. ఉప్పు తగిలినప్పుడు మొక్క వేళ్లలో ఏ.సి.సి. అనే పదార్థం ఎక్కువగా తయారై, అది ఇథిలీన్‌గా మారుతుంది. ఇథిలీన్ మితిమీరితే వేరు సాగడం ఆగుతుంది, కింది ఆకులు పండి రాలతాయి. చాలాసార్లు ఉప్పు నేరుగా చేసే నష్టం కంటే, ఉప్పుకు బెదిరి మొక్క తనకు తాను చేసుకునే నష్టం ముందు కనిపిస్తుంది. కొన్ని బ్యాక్టీరియా దగ్గర ఏ.సి.సి. డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఏ.సి.సి.ని ముక్కలు చేసి, అమ్మోనియాను బ్యాక్టీరియాకు ఆహారంగా ఇస్తుంది. ఏ.సి.సి. తగ్గితే ఇథిలీన్ తగ్గుతుంది, వేరు మళ్లీ సాగుతుంది. ఈ ఎంజైమ్‌ను 1978లో జపాన్ శాస్త్రవేత్తలు వివరించారు. మొక్కకు దీనివల్ల మేలెలా జరుగుతుందో 1998లో కెనడాకు చెందిన బెర్నార్డ్ గ్లిక్ బృందం ఒక నమూనాగా చెప్పింది. ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి: నేలలో ఉప్పు అంతే ఉంది. అప్పున్న ఇంటికి వడ్డీ తగ్గించినట్టు, అసలు అలాగే ఉంది.

ఇదొక్కటే కాదు. కొన్ని బ్యాక్టీరియా వేరు చుట్టూ బంకలాంటి పొర కట్టి కొంత సోడియంను పట్టి ఉంచుతాయి. కొన్ని ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ ఇచ్చి పిల్లవేళ్లను పెంచుతాయి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో జి.బి.03 అనే ఒక స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఉపరకం) అయితే, వేళ్లలో సోడియం రవాణాకు సంబంధించిన హెచ్.కె.టి.1 జన్యువు పనిని తగ్గిస్తుందని 2008లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చూపించారు. ఇవన్నీ నిజమైన పనులే.

అయితే మడ బురదలో మొక్కను చంపేది ఉప్పొక్కటే కాదని చాలామంది మర్చిపోతారు. ఆ నల్ల బురదలో కాలు దిగబడగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది కదా. అది హైడ్రోజన్ సల్ఫైడ్. సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలం, బురదలో గాలి ఉండదు, దాంతో అక్కడి బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. సల్ఫైడ్ వేళ్లకు విషం. మడ తన శ్వాసవేళ్లను బురద మీదకు నిలువుగా లేపి, గాలిని లోపలి గొట్టాల గుండా కిందకు పంపుకుంటుంది. అలా వేరుదాకా చేరిన ఆక్సిజన్ ఉన్న చోట సల్ఫైడ్‌ను ఆక్సీకరించి బతికే బ్యాక్టీరియాకు చోటు దొరుకుతుంది. అమెరికాలోని జార్జియా తీరపు ఉప్పు చిత్తడుల్లో స్పార్టినా అనే గడ్డి వేళ్లను పరిశీలించిన బృందం 2022లో చెప్పింది ఇదే: ఆ వేళ్ల లోపలి ముఖ్య నివాసులు గంధకంతో పని ఉన్న బ్యాక్టీరియానే, సల్ఫైడ్‌ను ఆక్సీకరించేవీ సల్ఫేట్‌ను తగ్గించేవీ రెండూ ఉన్నాయి. 2024లో అదే గడ్డి మీద వచ్చిన పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది. ఈ గంధకపు పనీ, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే పనీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని చూపింది. విషాన్ని తగ్గించే పని నుంచే నత్రజని పట్టడానికి కావలసిన శక్తి వస్తోందన్నమాట. నా లెక్కలో ఈ రంగంలో ఈ మధ్య వచ్చిన అన్నిటికంటే అందమైన సంగతి ఇది. 'ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా' అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, అక్కడ జరిగే వ్యవహారం అంతకంటే చాలా పెద్దది. ఆ బ్యాక్టీరియాను పోటూ పాటూ లేని, గంధకపు బురద లేని పొలంలోకి తెస్తే వాటి బతుకుతెరువే పోతుంది.

సముద్రపు గడ్డిలోనూ ఇలాంటిదే బయటపడింది. మధ్యధరా సముద్రంలో పెరిగే పొసిడోనియా వేళ్ల లోపల నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చే బ్యాక్టీరియాను 2021లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. పప్పుజాతి మొక్కల్లో రైజోబియం లాగే, అయితే బుడిపెలు లేకుండా.

"సూక్ష్మజీవి లేకపోతే మొక్క నిలవదు" అని పైన రాశాను. దానికి ఆధారం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, సాన్ వాన్ దీవుల ఒడ్డున పెరిగే ఒక ఇసుకగడ్డి. రస్టీ రోడ్రిగెజ్, రెజీనా రెడ్మన్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన అది. ఆ గడ్డి లోపల ఫ్యుజేరియం కల్మోరం అనే ఫంగస్ ఉంటుంది. దాన్ని తీసేసి పెంచిన గడ్డి ఉప్పుకు తట్టుకోలేకపోయింది, తన సొంత ఒడ్డు మీదే బతకలేకపోయింది. ఆ ఫంగస్‌ను టమాటాకు, వరికి ఎక్కిస్తే వాటికీ ఉప్పును తట్టుకునే శక్తి పెరిగింది. ఇక్కడిదాకా చదివి సీసా అమ్మేవాళ్లు ఆగిపోతారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. తీరం కాని చోట్ల పెరిగే మొక్కల నుంచి తీసిన ఫ్యుజేరియం కల్మోరం ఆ పని చేయలేదు. జాతి ఒకటే, పేరు ఒకటే, పుట్టిన చోటు వేరు. పైగా ఆ జాతి ఫంగస్ గోధుమకు తెగులు తెచ్చే రకం. కాబట్టి లేబుల్ మీద 'బాసిల్లస్', 'సూడోమోనాస్' అని రాసి ఉంటే దానివల్ల మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఏ స్ట్రెయిన్, ఎక్కడి నుంచి తీశారు, ఏ పంట మీద, ఎంత ఉప్పులో పరీక్షించారు అని అడగండి. జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

వరి రైతుకు మడ కంటే ఆశ చూపించేది వేరే మొక్క. మడ అడవుల అంచున, పోటు వచ్చినప్పుడల్లా మునిగే చోట పొర్టరీసియా అనే అడవి వరి పెరుగుతుంది. మన వరికి అది దగ్గరి చుట్టం. దాని వేళ్ల నుంచి, కాండం నుంచి చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థకు చెందిన లోగనాథన్, సుధా నాయర్ ఒక కొత్త బ్యాక్టీరియాను తీసి, 2004లో దానికి స్వామినాథానియా సాలిటోలరాన్స్ అని పేరు పెట్టారు. 3 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది, నత్రజనిని పట్టుకుంటుంది, కరగని ఫాస్ఫేట్‌ను కరిగిస్తుంది.

ఇలాంటివాటిని పట్టే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. నత్రజని అసలు లేని, జావలా పల్చగా గడ్డకట్టిన మీడియంలో (సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారంలో) వేరు రసం వేసి కదపకుండా ఉంచుతారు. కొన్నాళ్లకు పైభాగానికి కొన్ని మిల్లీమీటర్ల కింద పల్చటి తెర ఒకటి తేలుతుంది. నత్రజనిని పట్టే ఎంజైమ్‌కు ఆక్సిజన్ పడదు, బ్యాక్టీరియా బతకడానికి మాత్రం ఆక్సిజన్ కావాలి. రెండూ కుదిరే లోతును వెతుక్కుని అక్కడ చేరతాయన్నమాట.

గడ్డిజాతి నుంచి గడ్డిజాతికి అన్న దారికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. పాకిస్తాన్ పంజాబ్‌లోని చౌడు నేలల్లో పెరిగే కల్లర్ గడ్డి వేళ్ల నుంచి బార్బరా రైన్‌హోల్డ్ హ్యూరెక్ బృందం తీసిన అజోఆర్కస్ అనే బ్యాక్టీరియా, వరి వేళ్లలోకి కూడా చక్కగా చేరుతుంది. అది తీరం కాదు, అయినా ఉప్పు నేలే. నన్నడిగితే మన పరిశోధకులు మడచెట్ల చుట్టూ తిరిగే సమయంలో సగం ఈ ఉప్పు గడ్డుల మీద పెట్టాలి.

ఇక సీసా. అమ్మే ఆయన "ఇది ఉప్పును తినేస్తుంది" అన్నాడని రాశారు. సోడియం ఎవరూ తిని అరిగించుకునేది కాదు. లెక్క వేసి చూడండి. ఎకరం పొలంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో 0.3 శాతం ఉప్పుందనుకుంటే 2,700 కిలోలు. జీవన ఎరువులకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు అడిగేది ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల జీవకణాలు. మీ లీటరు సీసాలో నిజంగా అన్నీ ఉన్నా, మొత్తం కలిపి బరువు గ్రాములో పదో వంతు. అవి పొలంలో ఎంత పెరిగినా ఆ రెండు టన్నుల పైచిలుకు ఉప్పును మాయం చేయలేవు. ఉప్పు పోవాలంటే నీటితో కడిగి, మురుగు కాలువ గుండా బయటకు పంపాల్సిందే. మీ పక్కన రొయ్యల చెరువులుంటే ఊట మీ పొలంలోకి రాకుండా మధ్యలో లోతైన కాలువ తీయించడం ఏ సీసా కంటే మేలు.

మీ మట్టి పరీక్ష కాగితంలోని ఈసీ (విద్యుత్ వాహకత, మట్టిలో ఉప్పెంతో చెప్పే కొలత) అంకెను ఒకసారి సరిచూసుకోండి. వరికి ఈసీ 3 దాటితే ప్రతి యూనిట్‌కు సుమారు 12 శాతం దిగుబడి తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అంటే 7 దగ్గర దాదాపు సగం పంట పోయినట్టే. అయితే ఆ అంకె సంతృప్త మట్టి ముద్ద నుంచి తీసిన నీటిది. మన మండల ల్యాబుల్లో ఎక్కువగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు, అందులో అంకె బాగా తక్కువ వస్తుంది. కాగితం మీద 2 చూసి "మనకేం ఫర్వాలేదు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోండి. పీహెచ్ కూడా చూడండి. 8.5 దాటకుండా ఈసీ మాత్రమే ఎక్కువుంటే మీది ఉప్పు నేల, దానికి జిప్సం పోసి డబ్బు తగలేయకండి. జిప్సం పని చేసేది సోడియం పేరుకున్న చౌడులో.

బ్యాక్టీరియా సాయం కనబడేది ఉప్పు ఒక మోస్తరుగా ఉన్నప్పుడే. అదీ నారు దశలో, పొట్టదశలో. వరి ఉప్పుకు ఎక్కువ బెదిరేది ఆ రెండు సమయాల్లోనే. ఈసీ మరీ ఎక్కువగా ఉన్న మడికి ముందు చేయాల్సింది రకం మార్చడం, నీళ్లు మార్చడం. మచిలీపట్నం పరిశోధన స్థానంలో ఉప్పును తట్టుకునే వరి రకాల గురించి, బాపట్ల ఉప్పునీటి పథకం వాళ్ల దగ్గర దొరువుల గురించి అడగండి. తీరపు ఇసుకలో పైన తేలే మంచినీటి పొరను మాత్రమే తోడుకునే ఆ పద్ధతి మీ నారుమళ్లకు పనికి రావచ్చు.

సీసాను పరీక్షించాలనుకుంటే ఇలా చేయండి. ఒకే మడిలో, ఒకే రకం, ఒకే రోజు నాటిన నారు. కొంత నారు వేళ్లను సీసా ద్రావణంలో అరగంట ముంచి నాటండి, కొంత మామూలు నీటిలో ముంచి నాటండి. మూడో భాగానికి సీసా ద్రావణాన్నే బాగా మరిగించి, చల్లార్చి వాడండి. ఈ మూడోదాన్ని ఎవరూ చేయరు, అసలు కీలకం అదే. సీసాలో బ్యాక్టీరియాతో పాటు బెల్లం, సముద్రపు నాచు రసం, కొంచెం నత్రజని ఉండొచ్చు. మరిగించిన దానితోనూ పైరు అంతే బాగుంటే, మీరు డబ్బు పెట్టింది బ్యాక్టీరియాకు కాదు. మూడు రకాల చాళ్లనూ ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా మడిలో నాలుగు చోట్ల వేయండి, ఎందుకంటే ఉప్పు మడంతా ఒకేలా ఉండదు, గట్టు పక్కన ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. ప్రతి చాలులో మట్టి ఈసీ విడిగా కొలవండి. ద్రావణం కలిపే నీటిలో క్లోరిన్ ఉండకూడదు. కోతప్పుడు పిలకలు, తాలు గింజలు లెక్కపెట్టి, ధాన్యం తూకం వేయండి. పచ్చదనం చూసి తీర్పు చెప్పకండి.

ఇక కాలేజీ ల్యాబులో మీరే ఎండోఫైట్లను తీయాలనుకుంటే, కష్టం తీయడంలో లేదు, లోపలివేనని నిరూపించడంలో ఉంది. వేరును పంపు నీటిలో బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, తర్వాత 2 నుంచి 4 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో కొన్ని నిమిషాలు, మళ్లీ కాసేపు ఆల్కహాల్, ఆపైన స్టెరైల్ నీటిలో మూడు నాలుగు సార్లు. ఆఖరి కడుగు నీటిని ఒక ప్లేటు మీద పోసి పెట్టండి. అందులో ఏమైనా మొలిస్తే మీరు పట్టుకున్నవి పైపొర మీదివి, ఆ బ్యాచ్ మొత్తం పారేయాలి. మీడియంలో ఉప్పు కలపండి, మామూలు న్యూట్రియంట్ అగార్ మీద మాత్రమే చూస్తే అసలువి చాలా మిస్సవుతారు. వేరు రుబ్బగానే టానిన్ల వల్ల రసం గోధుమరంగుకు తిరుగుతుంది, ఇది డి.ఎన్.ఏ. తీయడానికి అడ్డొస్తుంది, టానిన్లను పట్టేసే పి.వి.పి. పొడి కలిపితే కొంత నయం. 16ఎస్ సీక్వెన్సింగ్‌కు (బ్యాక్టీరియాను గుర్తుపట్టే జన్యువును చదివించడానికి) పంపేటట్టయితే, ఆ జన్యువును పట్టే ప్రైమర్లు అనే చిన్న డి.ఎన్.ఏ. ముక్కల గురించి ముందే మాట్లాడుకోండి. మామూలు ప్రైమర్లు వాడితే వచ్చిన ఫలితాల్లో అధికభాగం మొక్క క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియాలవే ఉంటాయి. 799 ఎఫ్ లాంటి ప్రైమర్లు వాడితే క్లోరోప్లాస్ట్ గొడవ చాలావరకు తప్పుతుంది.

తీసినదాన్ని ఉత్సాహంగా పొలంలో మాత్రం చల్లకండి. మొక్కల్లో కనిపించే ఎంటరోబాక్టర్, క్లెబ్సియెల్లా, బర్క్‌హోల్డేరియా వర్గాల్లో మనుషులకు జబ్బు తెచ్చేవీ ఉన్నాయి. ముందు గుర్తింపు, తర్వాత కుండీలు, ఆ తర్వాతే పొలం. ఏదైనా పరిశోధన స్థానం సూక్ష్మజీవుల విభాగాన్ని తోడు తీసుకుంటే మంచిది.

నమూనాల కోసం కోరింగ లాంటి అభయారణ్యంలోకి వెళ్లి కొమ్మ విరిచినా అటవీశాఖ అనుమతి కావాలి. మీకు అంత దూరం అక్కర్లేదు. మీ పొలం గట్ల మీద, రొయ్యల చెరువుల పక్కన ఉప్పు మొక్కలు, ఉప్పు గడ్డులు ఉండే ఉంటాయి. వాటి వేళ్లతో మొదలుపెట్టండి. మీ నేలలో, మీ ఉప్పులో ఇప్పటికే బతుకుతున్న సూక్ష్మజీవులు అక్కడ దొరుకుతాయి. మట్టి కాగితం ఫోటో, సీసా లేబుల్ ఫోటో పెడితే చూసి చెబుతాను. నారు పోయకముందే పెట్టండి, నాట్లయ్యాక పెడితే ఈ సీజన్‌కు చేయగలిగింది పెద్దగా ఉండదు.